శోకంలో పెట్టే పేరు

శవం పక్కన కూర్చున్న గొబ్నిట్ ఇంకా శోకం ఎత్తుకోలేదు. మధ్యాహ్నం దాటిపోతోంది. గుమ్మం బయటిదాకా జనం. ఆనవాయితీగా శవం గుండెల మీద పొగాకు పళ్లెం పెట్టారు. వచ్చినవాళ్లు తలా ఒక చుట్టగొట్టం నింపుకుని, ఆమె ఎప్పుడు నోరు తెరుస్తుందా అని చూస్తున్నారు.

ఆ చుట్టుపక్కల ఏ చావింట్లోనైనా శోకం పాడేది గొబ్నిట్టే. ఈసారి పోయింది ఆమె ఒక్కగానొక్క కొడుకు ఫెలిం. నిన్ననే ఉరితీశారు.

“పేరు తేలందే ఎత్తుకోను,” అంది.

ఏ పేరో అందరికీ తెలుసు. మనిషిని పట్టించి చంపిస్తే, పట్టించినవాడి పేరు శోకంలో పెడతారు. ఒకసారి పెట్టారా, ఇక అంతే. ఆ ఇంటికి పిల్లనివ్వరు. ఆ ఇంటి పొయ్యి నుంచి నిప్పు తెచ్చుకోరు. మనవలు ముసలివాళ్లయినా ఆ పేరు పాడుతూనే ఉంటారు.

పన్ను ధాన్యం గుంజుకునే చర్చి వాళ్ల గాదె తగలబెట్టాడని ఎర్రకోటు ఇంగ్లీషు సిపాయిలు వెతుకుతుంటే, ఫెలిం రెండు చలికాలాలు జలపాతం వెనక గుహలో దాక్కున్నాడు. ఆ గుహ సంగతి ముగ్గురికే తెలుసు. ఫెలింకి, తల్లికి, ఆంబ్రోస్ టిస్‌డల్ దొరకి.

దొరకెందుకు తెలుసంటే, పుట్టిన వారానికే అతని కన్నతల్లి పోతే పాలిచ్చి పెంచింది గొబ్నిట్. ఒక పక్క ఫెలిం, ఒక పక్క దొర. మూడు వేల ఎకరాల ఆసామి అయ్యాక కూడా ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. ఆసామి అన్నమాటే గానీ, అతనికి భూమి మీద ధ్యాస ఎక్కడిది? వానొస్తే పద్యం, వాన వెలిస్తే పద్యం. అన్నీ ఇంగ్లీషులోనే రాసేవాడు, అవి లండన్‌లో అచ్చయ్యేవి. ఇక్కడి రైతులకు ఆ భాషా రాదు, అక్షరమూ రాదు. మా దొర ఏదో గీసుకుంటాడులే పాపం అని సరిపెట్టుకునేవాళ్లు.

వారానికోసారి దొర రొట్టె, ఇంత సారా పట్టుకుని కొండెక్కేవాడు. ఫెలిం ఊరుకునేవాడు కాదు.

“చచ్చిన కొంగ మీద కూడా రాశానన్నావు. నా మీదెప్పుడు?”

“నువ్వు ముందు బతికి బట్టకట్టరా,” అనేవాడు దొర.

పోయిన నెల సిపాయిలు తిన్నగా గుహకే వెళ్లారు. ఎక్కడా తడుముకోలేదు.

ఉరికి ముందురోజు దొర సిపాయిల కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాడు. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నా భూమంతా తీసుకోండి అన్నాడు. వాడికి బదులు నన్ను జైల్లో పెట్టండి అన్నాడు. కెప్టెన్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, గ్లాసులో మందు పోశాడు, ఉరి మాత్రం ఆగదన్నాడు.

“కనీసం ఎవరు చెప్పారో చెప్పండి. వాళ్లమ్మకి మాటిచ్చి వచ్చాను.”

కెప్టెన్ అతని ముఖంలోకి వింతగా చూశాడు. తర్వాత చెప్పాడు.

ఉరితీశాక దొరే శవాన్ని తన బండిలోనే ఇంటికి తెచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టకుండా గోడకి జారగిలబడ్డాడు. కోటు జేబులో చెయ్యిపెట్టి దేన్నో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ప్రార్థన పుస్తకం కాబోలనుకున్నారు.

“నాయనా, కెప్టెన్ ఏమన్నాడు?” గొబ్నిట్ అడగడం ఇది నాలుగోసారి.

దొర జేబులోని పిడికిలి ఇంకా బిగించాడు.

ఆమె అతని భుజం పట్టుకుంది. “నా వల్లేనా? వాడికి పాలకుండ పట్టుకుని గుహకి వెళ్తుంటే నా వెనకాలే వచ్చారా? నా గుండె ఆగిపోతుందని దాస్తున్నావా?”

“నువ్వు కాదమ్మా.”

“అయితే మర్తీగాడే,” అన్నాడు గుమ్మంలోంచి ఒకడు. మర్తీ రేవులో పడవ నడుపుతాడు. “ఈవిడ కొండెక్కడం చూసింది వాడు. సిపాయిల్ని దాటించిందీ వాడే.”

“పడవవాణ్ని. గాడిదెక్కినా దాటిస్తాను,” అన్నాడు మర్తీ. “పాలకుండ చూశాను, నిజమే. ఎవరితో అన్నాను? నా పెళ్లాంతో కూడా అనలేదు.”

“అననిస్తేగా ఆవిడ,” అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

ఇద్దరు మర్తీ రెక్కలు పట్టుకున్నారు. మరొకడు పొయ్యిలోంచి ఎర్రగా కాలుతున్న నిప్పుగడ్డని పటకారుతో తీశాడు. మర్తీ ఇల్లు కూతవేటు దూరంలో ఉంది. పైన ఎండుగడ్డి కప్పు. లోపల పెళ్లాం, నలుగురు పిల్లలు. శోకంలో పేరు పడడమే ఆలస్యం.

దొర లేవబోయాడు. ముందుకి తోసుకొచ్చిన జనం అడ్డుపడ్డారు.

గొబ్నిట్ జుట్టు విరబోసుకుంది. కొడుకు మీదికి వంగి ఎత్తుకుంది. ఆ గొంతు వినగానే మగవాళ్లు కూడా ఏడ్చారు.

“నా రొమ్ము తాగినవాడా, కొండే నీకు గోడయిందే, దూకే నీళ్లే నీకు తలుపయ్యాయే. ఆ తలుపు తీసి నిన్ను పగవాడికి చూపించినవాడు...”

అక్కడ ఆగింది. పేరు పెట్టాల్సిన చోటు అదే. ఆమె కళ్లు మర్తీ వైపు తిరిగాయి. మర్తీ కళ్లు మూసుకున్నాడు.

దొర గోడ పట్టుకుని లేచాడు. జేబులోది తీసి ఫెలిం గుండెల మీద, పొగాకు పళ్లెం పక్కన పెట్టాడు. చిన్న పుస్తకం. మధ్యలో ఒక పేజీ మడిచి ఉంది.

“నా పేరు పెట్టమ్మా,” అన్నాడు, “జలపాతానికి ఎడమన వంగిన చెట్టు దగ్గర్నుంచి గుహ లోపలిదాకా దారంతా నేను వాడి మీద రాసిన పద్యంలోనే ఉంది, అది చదువుకుంటూనే వచ్చారట.”