నిజంలాగే

జమ్మలమడుగులో తన ఇంటి స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకుని, యశోద ఫోన్‌లో ఆపద బటన్ నొక్కింది.

ఆడవాళ్ల రక్షణ కోసం తయారవుతున్న ఆ యాప్‌ను, నిజంగా ఆపదలో ఉన్న మనిషి వాడినట్టే వాడి పరీక్షించడం ఆమె ఉద్యోగం.

ప్రొద్దుటూరు ఆఫీసులో ఆ పరీక్షల అలర్ట్‌లు చూసుకునే మధు వెంటనే ఫోన్ చేశాడు. "అలర్ట్ వచ్చిందక్కా. తలుపు బాదే చప్పుడు గూడా శానా బాగా వినపడతాండాది."

"మధూ, ఇది టెస్ట్ కాదప్పా! మా ఆయన తలుపు పగలగొడతాండాడు. పోలీసోళ్లను పంపించు!"

మధు నవ్వాడు. "నిన్న గూడా ఇట్లనే అంటివి గదక్కా. ఏడుపు మాత్రం ఈ తూరి ఇంకా బాగుండాది."

యశోద నోరు తెరిచింది. పరీక్షల్లో ఇంతకుముందు అనని మాట ఆమెకు ఒక్కటీ మిగల్లేదు.

గడియ ఊడిపడింది.

"ఈ చప్పుడు ఎప్పుడూ లేదే! కొత్తగా పెట్టినావా అక్కా?" అన్నాడు మధు.