ఎర్రరాయిలో తడి

"ఉండాయా, లేవా? ఒక్క మాట చెప్పమ్మా," అన్నాడు పెద్ద ఈరన్న, కర్నూలు కాలేజీ ప్రయోగశాల గడప బయటే నిలబడి.

యంత్రం ముందున్న శివలీల తల తిప్పలేదు. పోయిన తొలకరికి ఆమె తుగ్గలి వైపు వెళ్లింది. వజ్రాలు వెతికేవాళ్లు పారేసే ఎర్రరాళ్లు భూమిలో నూట అరవై కిలోమీటర్ల లోతు నుంచి వచ్చినవని, వాటిలో నీటి జాడ ఉండొచ్చని అక్కడ నలుగురికీ చెప్పింది. నలుగురూ నవ్వి ఊరుకున్నారు. ఈరన్న మాత్రం పట్టు పట్టాడు. ఐదు బోర్లు వేసినా దుమ్ము తప్ప చుక్క రాని చేన్లోంచి రాళ్లేరి, గుడ్డలో మూటగట్టి, ఇది మూడోసారి బస్సెక్కి రావడం.

మొదటి రెండు మూటలూ ఎండకూ వానకూ పాడైన రాళ్లే. ఈసారి ఒక్కటి గట్టిది దొరికింది. శివలీల దాన్ని పలచగా అరగదీసి, పైతడి పోయేలా రెండు రోజులు వేడిలో ఉంచింది. అయినా తెర మీద నీటి గీత లేచి నిలబడింది.

"ఉన్నాయి," అంది. మూడేళ్లుగా ఆమె వెతుకుతున్నదీ అదే.

ఈరన్న గడప మీదే కూలబడ్డాడు. పది లక్షల పాళ్లలో నలభై పాళ్లేనని, రాయిలోనే కలిసిపోయాయని, పిండినా గొంతు తడవదని ఆమె విడమరిచి చెప్పింది. అంతా బుద్ధిగా విని, అదే కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మన్నాడు.

శివలీల కలం తీసి ఆగింది. ఈ కాగితం నమ్ముకుని ఆరో బోరు వేస్తే ఆ పాపం తనదే.

"మళ్లీ బోరు వెయ్యవు కదా పెద్దాయనా?"

"నేను యాడ బోరేసేదమ్మా. నీళ్లు ఉండాయని రాయి, సాలు."

రాసిచ్చింది. లోతు మాత్రం పెద్ద అక్షరాలతో రాసింది.

ఊళ్లో బస్సు దిగిన ఈరన్న ఇంటికి పోలేదు. నేరుగా తిమ్మన్న అరుగు దగ్గరికి పోయి, పదిమంది ముందు కాగితం చేతికిచ్చాడు. పన్నెండేళ్లుగా ఈరన్న మొహం చూడని తిమ్మన్న దాన్ని రెండుసార్లు చదివాడు. లోతు దగ్గర ఆగి పగలబడి నవ్వాడు. అన్నేళ్ల కోపం ఆ నవ్వుతోనే పోయింది. పక్కకు జరిగి చోటిచ్చాడు. ఈరన్న మీసం దువ్వుకుంటూ దర్జాగా కూర్చున్నాడు.

తిమ్మన్న చేన్లో ఐదుసార్లూ అరచేత కొబ్బరికాయ పెట్టుకుని తిరిగి, నీళ్లున్నాయని చెప్పింది ఈరన్నే.