అలివేలమ్మ అల్లుడు

"కాఫీయా, టీయా అండీ?"

నడుం కాస్త వంచి, చిరునవ్వుతో అడిగాడతను.

మంగతాయారుకు నవ్వాగలేదు. మాచర్ల స్టేషన్ రోడ్డులో టిఫిన్ బండి దగ్గర అంత మర్యాద ఆమె ఎన్నడూ చూడలేదు.

"టీ ఇవ్వు. ఇంత వినయం ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"విమానంలో పనిచేసేవాణ్ణి పిన్నిగారూ. అలవాటు పోలేదు."

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకు మనసు నిలవలేదు.

అతని పేరు రాజ్‌కుమార్. ఆమె కిరాణా కొట్టు ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగారు. చూపు మందగించిన అలివేలమ్మ, బడికెళ్ళే మనవరాలు సాయిసాత్విక, అతను. పిల్లకు తల్లి లేదు. చదువు కోసం ఈపూరు దగ్గరి పల్లె నుంచి వచ్చామని అలివేలమ్మ చెప్పింది.

వీధిలో అతన్ని అలివేలమ్మ అల్లుడు అనేవారు. చాటున ఇల్లరికం అల్లుడు అనేవారు.

సరుకులకు వచ్చినప్పుడల్లా మంగతాయారు అతన్ని పట్టుకునేది.

"పైన వాన పడతదా?"

"వాన కింద పడుతుంటుందండీ. మేం ఎండలో పోతుంటాం."

"ఓరి నాయనో! అంత ఉద్యోగం ఎందుకు మానుకున్నావయ్యా?"

"కరోనాలో విమానాలు ఆగిపోయాయి కదండీ. సగం జీతమే అన్నారు. తర్వాత అదీ లేదన్నారు. మాతో చేసినవాళ్ళలో ఒకడు ప్లాట్లు అమ్ముతున్నాడు. ఒకమ్మాయి బ్యాంకులో చేరింది."

నిజమే కాబోలు అనుకుందామె. కొన్నాళ్ళకు మళ్ళీ సందేహం వచ్చింది.

"ఇప్పుడు ఎగురుతున్నయ్ గదా! మళ్ళీ పిలవలేదా?"

"పిలిచారండీ."

"పిలిచినా పోలేదా!"

"ఆ పనిలో వేళకు నిద్ర ఉండదు పిన్నిగారూ. పండగైనా పబ్బమైనా గాల్లోనే."

"ఇక్కడ మాత్రం నిద్ర ఏడ్చిందా? తెల్లారకముందే లేచి పిండి కలుపుతుంటివి."

అతను నవ్వేసి కందిపప్పు పొట్లం అందుకున్నాడు.

ఎప్పుడడిగినా ఒక కొత్త జవాబు. అన్నీ నిజాల్లాగే ఉండేవి. ఏ ఒక్కటీ ఆమెకు ఆనేది కాదు.

"ఏదో తప్పు చేసుంటాడు. తీసేసుంటారు," అంది భర్తతో.

"నీకెందుకే?" అన్నాడు వెంకటకృష్ణయ్య కాటా మీంచి తలెత్తకుండా.

అయితే ఒకటి మాత్రం ఆమె ఒప్పుకునేది. పిల్లకు రెండు జడలు అతనిలా వేసే ఆడవాళ్ళు ఆ వీధిలో లేరు. "నాన్నా, రిబ్బన్ ఊడింది!" అని పిల్ల వీధి మొదట్నుంచి అరిస్తే, పెనం మీద దోసె వదిలేసి పరుగెత్తేవాడు. బండి కట్టేశాక అలివేలమ్మను అరుగు మీద కూర్చోబెట్టి కళ్ళలో చుక్కలమందు వేసేవాడు.

కన్నకొడుకులే అంత చూడరు, ఇతనెట్లా చూస్తున్నాడా అని అదొక వింత ఆమెకు.

ఒకరోజు పొద్దున్నే బండి బయటికి రాలేదు.

మంగతాయారు కొట్టు తలుపులు తీస్తుంటే, రాజ్‌కుమార్ భుజాన సంచితో బయటికొచ్చాడు. చప్పుడు కాకుండా గేటు వేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడికయ్యా?"

"హైదరాబాద్ అండీ."

"మళ్ళీ ఎప్పుడు?"

"రానండీ."

"పిల్లో?"

"నిద్రపోతోంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గబగబా వీధిలోకి వచ్చేసింది.

"ఏందయ్యా ఇది? ముసలామెకు చూపు లేదు, పిల్లకు తల్లి లేదు. ఇద్దర్నీ వదిలేసి దొంగలాగా జారుకుంటున్నావా? ఆ ఉద్యోగం కూడా ఇట్టాగే వదిలేసుంటావ్. అసలు నువ్వు తండ్రివేనా?"

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

అతను సంచి భుజం మీదికి సర్దుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"పాపను కాస్త కనిపెట్టి ఉండండి పిన్నిగారూ."

అంతే. బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. ఆమె కసి తీరక ఇంకో నాలుగు మాటలు అతని వీపుకేసి విసిరింది.

ఎండ ఎక్కుతుండగా ఎదురింటి ముందు ఆటో ఆగింది. బక్కచిక్కిన మనిషి పెట్టెతో దిగాడు. లోపలికి వెళ్ళడానికి జంకుతున్నట్టు గేటు దగ్గరే నిలబడ్డాడు. అలివేలమ్మ తడుముకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. సాయిసాత్విక అమ్మమ్మ చీర చాటుకు నక్కింది.

మంగతాయారు ఉండబట్టలేక రోడ్డు దాటింది.

"ఎవరు అలివేలమ్మా? చుట్టాలా?"

"మా అల్లుడమ్మా. మస్కట్‌లో యాక్సిడెంటు కేసులో ఇరుక్కుని జైల్లో పడ్డాడు. ఇన్నేళ్ళకు వదిలారు."

"నీకు ఇద్దరు కూతుళ్ళా?"

"ఒక్కతే తల్లీ."

మంగతాయారుకు అర్థం కాలేదు.

"మరి రాజ్‌కుమారు?"

అలివేలమ్మ కళ్ళొత్తుకుంది.

"లోకానికి ఏమని చెప్పాల్నో తెలీక అల్లుడన్నా. తనుంటే పిల్ల తండ్రి దగ్గరికి చేరదని, అది లేవకముందే వెళ్ళిపోయాడు. చానా చెప్పినా, వినలా."

మంగతాయారు బస్టాండు వైపు చూసింది. రోడ్డు నిండా ఎవరెవరో మనుషులు.

"అసలు ఎవరమ్మా అతను?"

"మాకేమీ కాడు తల్లీ, కరోనా అప్పుడు నా కూతురు మస్కట్ నుంచి పసిదాన్ని వేసుకుని వచ్చిన విమానంలో పనిచేసిన బాబు, కూతురు దిగిన మర్నాడే ఆ జబ్బుతో ఆసుపత్రిలో పోతే, ఎవరూ ముట్టని పిల్లను మా ఊరిదాకా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, చూపు ఆనని నన్ను చూశాక మళ్ళీ విమానం ఎక్కలేకపోయాడు."