వెనక బెంచీ గొంతు

“ముందర మైకుల్లో పడింది నాకొద్దు అబ్బయా. వెనక మైకులో పడింది మాత్రం తీసియ్యి,” అన్నది రెబెక్కమ్మ.

సుకుమార్ డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. అల్లూరు బజారులో వీడియోల దుకాణం తెరిచినప్పటి నుంచి ఇట్లాంటి బేరం అతనికి తగల్లేదు. పోయినేడు చర్చి పండగకు చెన్నై వాళ్లు వచ్చి, గుడిలో నాలుగు మూలలా మైకులు పెట్టి, పాటలన్నీ బ్లూరే డిస్కు చేసి ఇచ్చారు. ఊరంతా చెవికోసుకునేది ముందు నిలబడిన పాటల బృందం కోసమే. ఆ బృందాన్ని నడిపేది సాక్షాత్తూ ఈ రెబెక్కమ్మే. తప్పు పడితే అది డిస్కులో కలకాలం ఉండిపోతుందని, పండగ ముందు అందరినీ కూర్చోబెట్టి రుబ్బింది కూడా ఈవిడే. అంత కష్టపడి పాడించిన పాటను తానే వద్దంటే ఎవరికైనా వింతగా ఉండదా మరి.

సంగతి ఆమే చెప్పింది. భర్త క్రీస్తురాజు ఆ రోజు వెనక బెంచీలో, సరిగ్గా మైకు కింద కూర్చున్నాడు. పండగైన నెల తిరక్కుండానే గుండె ఆగి పోయాడు. డిస్కు చేతికొచ్చేసరికి మనిషి లేడు. రేపు ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఫోనులో ఆయన మాటలున్నాయి, కేకలున్నాయి, రొయ్యల మేత కాడ పడిన తగాదాలున్నాయి. పాట ఒక్కటీ లేదు. రొయ్యల గుంతల కట్ట మీద పొద్దస్తమానం పాడుతూ తిరిగిన మనిషి పాట ఎవరి దగ్గరా లేదు. రేపు కూడికలో నలుగురి ముందు ఆ గొంతు ఒక్కసారి వినిపించాలని ఆమె కోరిక. అదీ ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత ఆంప్లిఫయరులోనే మోగాలి. ఆమెను కూడా ముట్టనివ్వకుండా తన తువ్వాలుతో తుడుచుకునేవాడట దాన్ని. అదేమో ఈ డిస్కు పెడితే మూగనోము పట్టింది.

“ఈ కొత్తరకం శబ్దం దానికి తెలీదమ్మా,” అన్నాడు సుకుమార్. “అయితే దీని లోపలే పాత యంత్రాలకు పనికొచ్చే పొర ఒకటుంటది. కోర్ అంటారు. వడ్లు దంచి బియ్యం తీసినట్టు దాన్ని బయటికి తీస్తాను. అప్పుడు మీ ఆంప్లిఫయరు శుభ్రంగా పాడతాది.”

“ఆ పని చెయ్యి నాయనా.”

ముందు తెర మీద బొమ్మ పెట్టాడు. పాట మధ్యలో కెమెరా వెనక్కి తిరిగింది. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, నోరు బారెడు తెరిచి క్రీస్తురాజు. అదే బెంచీలో పక్కన కూర్చుని పాడుతున్న ఏసుమణి నోటికన్నా ఆయన నోరే పెద్దగా ఆడుతోంది. చరణం మారినా ఒక్క మాట వదల్లేదు. పాటంటే ఆయనకు ప్రాణంలా ఉందే అన్నాడు సుకుమార్.

“పాటే ప్రాణం. ఇంకేం చెప్పినా పెడచెవినే. ఉప్పు తగ్గించమంటే ఊరగాయ జాడీ పక్కన పెట్టుకునేవాడు. బీడీ మానమంటే కట్ట మీదికి పోయి కాల్చుకునేవాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే రొయ్యలకు మేత ఎవరేస్తారు అనేవాడు. నా మాట ఏనాడు విన్నాడు గనక,” అన్నది రెబెక్కమ్మ. కసిరినట్టే అన్నది గానీ ఆమె కళ్లు తెర మీది నుంచి కదల్లేదు.

కంప్యూటరు కోర్‌ను విడదీస్తూ ఉంటే, ఊరికే కూర్చోలేక సుకుమార్ ఆ పాటే కూనిరాగం తీశాడు.

“శ్రుతి పోతా ఉండాది. నోరు మూసుకో,” అన్నది ఆమె ఠక్కున. అని, వెంటనే నాలిక కరుచుకుంది. “ఏమనుకోబాక అబ్బయా. ఏళ్ల తరబడి అలవాటు.”

అతను నవ్వేశాడు. స్వరం తప్పితే రెబెక్కమ్మ పాస్టరుగారినైనా ఆపేస్తుందని ఊళ్లో చెప్పుకోగా విన్నాడు. ఆమె మాత్రం ఆ తర్వాత చాలాసేపు తల ఎత్తలేదు.

కోర్ బయటికొచ్చింది. వెనక మైకు తప్ప తక్కినవన్నీ నొక్కేసి, ఆమెకొక హెడ్‌ఫోను ఇచ్చి, తానొకటి పెట్టుకున్నాడు. ఫ్యాను చప్పుడు వినిపించింది. పసిబిడ్డ ఏడుపు, ఎవరిదో దగ్గు, ఏసుమణి గొంతు గణగణమంటూ వినిపించాయి. క్రీస్తురాజు గొంతు లేదు.

“పొట్టుతో బాటు ఆయన గొంతు గూడా పోయిందేమో చూడు నాయనా,” అన్నది రెబెక్కమ్మ.

అట్లా పోదని సుకుమార్‌కు తెలుసు. అయినా ఆ మొహం చూసి కాదనలేకపోయాడు. కోర్‌ను పక్కనబెట్టి, పొట్టు తియ్యని అసలు శబ్దాన్నే తెరిచాడు. ఒక్కో మైకునూ విడిగా పెట్టి విన్నాడు. పెంచాడు, తగ్గించాడు, వడగట్టాడు. చివరికి ఏసుమణి ఊపిరి పీల్చడం కూడా వినిపించింది. బొమ్మలో క్రీస్తురాజు నోరు ఆడుతూనే ఉంది. శబ్దంలో ఆయన ఎక్కడా లేడు.

సుకుమార్‌కు తల తీసేసినట్టయింది. రేపటి మీద ఎంతో ఆశ పెట్టుకుని వచ్చిన మనిషికి ఏమని చెప్పాలి? తన పనిలోనే ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని, నెల్లూరులో తెలిసినవాళ్ల స్టూడియో ఉందని, పొద్దున్నే తీసుకుపోయి చూపిస్తానని నీళ్లు నమిలాడు.

రెబెక్కమ్మ హెడ్‌ఫోను తీసి, చెంగుతో తుడిచి, మెల్లగా బల్ల మీద పెట్టింది.

“నీ తప్పేం లేదు అబ్బయా. ఎప్పట్లాగే ఆ రోజు గూడా నా మాట వినుండడులే అనుకుని వచ్చినాను.”

“ఏం మాటమ్మా?”

ఆమె తెర మీది మనిషిని చూస్తూ చెప్పింది.

“పాడబాక, ఉత్త నోరాడించు అన్నాను.”