బుగ్గ ఇచ్చిన చూపు

భార్య కంటికట్టు విప్పేది పదింటికి. ఆయనగారి హడావుడి మాత్రం ఆరింటికే మొదలైంది.

సెలూన్‌కి నిన్ననే వెళ్ళొచ్చాడు. "ఎలా ఉన్నాను?" అని మూడుసార్లు అడిగితే, "పెళ్ళికొడుకులా ఉన్నారు సార్, ఇక లేవండి" అన్నాడు సెలూన్ ఆయన. బట్టల దుకాణంలో తనకు ఏ రంగు నప్పుతుందో ఇద్దర్ని అడిగి మరీ నీలం చొక్కా కొన్నాడు. ఇవాళ కంగారులో బొత్తాలు ఎగుడు దిగుడుగా పెట్టుకుంటే చెల్లెలు సరిచేసింది.

"ఏంటన్నయ్యా, పెళ్ళయిన ఏడేళ్ళకి పెళ్ళిచూపులా?"

"నీకేం, నవ్వుతావు. ఇంతవరకూ చూడని మొహం. తీరా చూశాక నచ్చకపోతే?"

అతని భయం అతనిది. ఐదేళ్ళ వయసులో సున్నం పడి ఆమె కళ్ళు పోయాయి. కాల్‌సెంటర్లో పక్క సీటులో కూర్చున్న ఇతని గొంతు విని మనసుపడింది, పెళ్ళాడింది. మొహం సంగతి ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు డాక్టర్లు ఆమె బుగ్గ లోపలినుంచి గోరంత పొర తీసి, ల్యాబ్‌లో రెండు వారాలు పెంచి, దాన్ని కుడికంటి మీద పరిచారు.

"ఇకనుంచి నీకు మాటా చూపూ రెండూ నోట్లోంచే" అని మొన్నటిదాకా ఏడిపించాడు. ఆ ధీమా అంతా ఇప్పుడు ఎటుపోయిందో.

ఆసుపత్రి గది చల్లగా ఉంది. ట్రాలీ చక్రాలు కిర్రుమన్నాయి. ప్లాస్టర్ ఊడుతున్న చప్పుడుకి అతను మంచం వైపు ఒంగాడు.

"మెల్లగా తెరవమ్మా. ఏమైనా కనిపిస్తోందా?" అంది డాక్టరమ్మ.

"కిటికీ... మీ తెల్లకోటు..."

ఆపైన ఆమె చూపు అతని మీద ఆగింది.

"ఏం, మాట్లాడవేం?" అన్నాడు.

"ఉండు, చూసుకోనీ."

"ఎలా ఉన్నాను? దాచకుండా చెప్పు."

"ఎడమ కనుబొమ్మ కాస్త పైకుంది. ముక్కు పెద్దదే. ఏదీ, ఒకసారి నవ్వు... ఆ, చెంపమీద సొట్ట కూడా పడుతోంది." ఆమె ఏడుస్తూనే నవ్వేసింది. "బాగున్నావులే మహానుభావా. నాకు నచ్చావు."

పుట్టుకతోనే చూపులేని ఆ మనిషి, ఆమె చెప్పిన కనుబొమ్మనీ ముక్కునీ సొట్టనీ ఒక్కొక్కటిగా వేళ్ళతో తడుముకుంటూ, "ఇంకోసారి చెప్పు" అన్నాడు.