హామ్ వండిన చేతులు

"సుధా, నా ఉద్యోగం పర్మనెంటయింది! రేపు క్రిస్మస్ కదా, మా బాసూ వాళ్ళావిడా ఈ సాయంత్రం మనింటికి భోజనానికొస్తామన్నారు. హామ్ చేసిపెట్టవూ, ప్లీజ్!"

ఫోన్లో నవదీప్ మాట విని సుధేష్ణ ఆ పరాయి దేశంలో, లీక్స్‌లిప్ ఊళ్ళోని అద్దె ఇంటి వంటగదిలోనే ఒక గంతు వేసింది. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని పిల్ల, పక్కింటి నోరాను అడిగి నేర్చుకుని, ఉడికించిన పంది తొడకు లవంగాలు గుచ్చింది. బెల్లం పాకం పూసి ఓవెన్లో పెట్టింది. అది నిగనిగలాడుతూ బయటికొస్తే తనే మురిసిపోయింది.

"గ్రాండ్!" అన్నాడు బాస్. నవదీప్ మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

అతిథులు వెళ్ళాక, మొగుడికి పెరుగన్నం లేనిదే భోజనం ముగియదని ఆమె కలపడానికి అన్నం గిన్నెలో చెయ్యి పెట్టబోయింది.

"ఆగాగు! పంది మాంసం ముట్టిన చేతులవి. తలస్నానం చేసిరా. దేవుడి పటాలు కూడా ముట్టకు."

వేళాకోళమనుకుని నవ్వింది. అతను నవ్వలేదు.

"మరి మీరు తిన్నారుగా?"

"నాదంటే ఉద్యోగం కోసం. నువ్వు ఇంటి ఇల్లాలివి."

సుధేష్ణ గిన్నె అతని ముందుకు జరిపి, మిగిలిన హామ్‌ను పొట్లం కట్టింది.

"రేపు నోరా ఇంట్లో పండగ భోజనానికి వెళ్తున్నాను. ఈ చేతులతోనే అందరికీ వడ్డిస్తాను. మీ అన్నం మీరు కలుపుకోండి."