దావా చెల్లని ఉత్తరం

"ప్రభుత్వాన్ని కోర్టుకీడుస్తా డ్వేన్! ఇవాళే! కాఫీ తర్వాత తాగుదువుగాని, ముందు కాగితం తియ్యి!"

వెల్డా కేకకి ఆ చిన్న హోటల్లో పాన్‌కేకులు తింటున్నవాళ్ళంతా తలలెత్తారు. నెబ్రాస్కాలోని ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క లాయరు డ్వేన్ కప్పు కింద పెట్టాడు.

"ఏమైందండీ?"

"నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఆర్లో రాసిన ఉత్తరం ఈ పొద్దున నా పోస్టు డబ్బాలో కనిపించింది. ఇరవై సెంట్ల స్టాంపు! ఆ ధర పోయి నలభై ఏళ్ళు!"

కిటికీ పక్కన గుడ్లు తింటున్న ఆర్లో మొన్ననే ఉద్యోగంలోంచి రిటైరయ్యాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పోనిద్దూ వెల్డా, అందరూ వింటున్నారు."

"విననీ! నువ్వడుగుతావని ఆ ఏడాది ఊరి తిరనాళ్ళలో డాన్సుకి ఎర్రగౌను కుట్టించుకున్నా. నువ్వేమో గోడకి అతుక్కుని నిలబడ్డావు."

"కాదంటావేమోనని భయమేసింది."

"చెరో ఇంట్లో పిల్లుల్ని పెంచుకుంటూ ముసలాళ్ళమయ్యాం! డ్వేన్, రాసుకుంటున్నావా?"

డ్వేన్ గడ్డం గోక్కున్నాడు. "ఉత్తరం పోయినా, ఆలస్యమైనా పోస్టాఫీసు మీద దావా చెల్లదండీ. చట్టం అంతే."

"పోస్టుమాన్ కావాలనే తొక్కిపెడితే?"

"అయినా ప్రభుత్వం జోలికి పోలేం. సుప్రీంకోర్టే తేల్చేసింది."

"బాగుందయ్యా! ఒక పిరికి సన్నాసి నా కాపురాన్ని సంచిలో దాచేసినా, ప్రభుత్వానికి చీమ కుట్టినట్టైనా ఉండదన్నమాట!"

కౌంటరు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆర్లో పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"మరిప్పుడు నా గతేమిటి?"

"దావాకి దారి లేదుగానీ, జవాబుకి గడువేమీ లేదండీ," అన్నాడు డ్వేన్.

వెల్డా విసవిసా నడిచి ఆర్లో ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"పోస్టుని నమ్మి చెడింది చాలు. నోటితోనే చెబుతున్నా. చేసుకుంటా. ఈ శనివారమే!"

ఆర్లో చేతిలోని ఫోర్కు జారి నేలమీద పడింది. హోటలంతా ఒకటే ఈలలు, చప్పట్లు.

"నిజంగానా? కోపం... లేదా?"

"బోలెడుంది. పెళ్ళయ్యాక తీరిగ్గా తీర్చుకుంటా."

ఆ నలభై ఏళ్ళూ ఊరి పోస్టుమాన్ ఆర్లోయే.